చౌక నగరము, పిసినారి వీధి

జెనీవా ప్రపంచములోని మిక్కిలి ఖరీదైన నగరములలో ఒకటి. మన సౌకారుపేట చెన్నపట్టణములో మిక్కిలి చౌకగా కడుపు నింపుకొనదగిన చోట్లలో ఒకటి. అయినను, జేబులో పెద్దగా డబ్బు లేని మనిషి ఒక పగటిని కాలినడకను, తొందర లేక, ఏ దుకాణదారునకును లోబడక గడుపదలచినచో జెనీవాలో గడుపుటయే సులభమనియు, సౌకారుపేటలో గడుపుట కష్టమనియు నా అభిప్రాయము. ఈ మాట ఆ పేటలోని మింటు వీధిలో పైకి అన్నచో, అక్కడ జిలేబీ పళ్ళెరములు చేతబట్టుకొని కూర్చున్నవారు, కాదు, కూర్చున్నవారు అనరాదు, నిలుచున్నవారు, ఫక్కున నవ్వుదురని ఎరుగుదును. వారు నిలుచుండి తినుటలోనే నా వాదమంతయు ఉన్నది.

ఈ మధ్య మన పేటలోని కుటుంబములు వేసవి సెలవులకు స్విట్జర్లాండు పోయివచ్చుట వింత గాదు. వెనుకటి తరమువారు కాశీకి పోయివచ్చి గంగచెంబులు చూపినట్లు, ఈ తరమువారు సరస్సులకు పోయివచ్చి ఫోనులోని ఛాయాచిత్రములు చూపుదురు. బయలుదేరుటకు ముందే పెద్దవారికి తలకు 90 యూరోలు వీసాకు చెల్లును. విమానపు టిక్కెట్టు మాట వేరు. అక్కడ దిగిన పిమ్మట ఒక్కొక్క ఫ్రాంకు మన నూరు రూపాయలకు పైమాటే గనుక, కాఫీ త్రాగుచున్నంతసేపును నాలుకమీది రుచిని మనస్సులోని గుణకారము చెడగొట్టుచుండును. తిరిగివచ్చినవారు మొదట చెప్పునది ఆ ధరలను గూర్చియే. కాని వారు చూపు ఛాయాచిత్రములను జాగ్రత్తగా చూచినచో ఒక చిత్రమైన సంగతి తెలియును: సరస్సు, నీటిధార, పూలగడియారము, చెట్టునీడను బల్లమీద కూర్చున్న అమ్మమ్మ. వానిలో చాలవరకు వారు డబ్బిచ్చి కొన్నవి కావు. ఖరీదైన నగరమునుండి వారు తెచ్చుకొన్న ఆనందమంతయు ఆ నగరము ఊరకే ఇచ్చినదే.

ఇది యాదృచ్ఛికము కాదు. లేమాన్ సరస్సు నైరృతి కొనను, రోన్ నది సరస్సు విడిచి వెలికి వచ్చు చోట ఉన్న ఆ పట్టణములో హోటలున గాని, విద్యార్థులు దిగు చౌక వసతిగృహమున గాని బసచేసినవానికి, అతడు ఉన్నంతకాలము ట్రాములలోను, బస్సులలోను, ఈ గట్టునుండి ఆ గట్టునకు దాటించు పసుపుపచ్చ పడవలలోను ఉచితముగా తిరుగుటకు అనుమతి ఇచ్చెదరు. వీధి మలుపులలో మంచినీటి ధారలు పారుచుండును. చెంబు పట్టినవానిని ఎవరును పలుకరింపరు. సెయింట్ పియేర్ దేవాలయమున ప్రవేశమునకు రుసుము లేదు. గోపురమెక్కువాడు మాత్రమే చెల్లింపవలెను. ప్రకృతిశాస్త్ర ప్రదర్శనశాల చూచుటకు ఏమియు అడుగరు. 1712లో రూసో జన్మించిన ఇల్లు గ్రాండ్ ర్యూ అను పాతవీధిలో ఉన్నదని దారినపోవువానికి తెలియునట్లు అచ్చటనే వ్రాసియుంచిరి. సరస్సులో మునుగదలచినవాడు రెండు మూడు ఫ్రాంకులతో పాకీ అను చోటి స్నానఘట్టములో వేసవి సాయంకాలమంతయు గడుపవచ్చును. ఇక పాతపట్టణపు గట్టుమీద, ట్రెయ్ అను విహారస్థలములో, 1767లో వేసిన కొయ్యబల్ల ఒకటి కలదు. దాని పొడవు 120 మీటర్లు. లోకములో అంతటి పొడవైన కొయ్యబల్ల మరియొకటి లేదని ఆ ఊరివారు చెప్పుకొందురు. ఆ గొప్పను నేను కొలిచి చూడబోను. రెండు వందల యేబదియేండ్లకు పైగా ఒక మునిసిపాలిటీ నడిచి అలసినవానికి కూర్చుండుటకు ఇంత చోటు విడిచిపెట్టినదన్న సంగతియే నాకు చాలును.

ఆ సరస్సులో 140 మీటర్ల ఎత్తునకు ఎగయు నీటిధారను మన సినిమాలలో చూడనివారుండరు. 1886లో అది పుట్టినది వినోదముకొరకు గాదు. రోన్ నదిమీది జలశక్తి కర్మాగారము నుండి నీటిశక్తి పొందు పనివాండ్రు సాయంకాలము తమ యంత్రములు నిలిపివేయగా గొట్టములలో పెరిగిపోవు ఒత్తిడిని విడుచుటకు అమర్చిన కవాటమునుండి చిమ్మిన నీరది. జనులు నిలుచుండి చూచి సంతోషించుట కనిపెట్టిన అధికారులు 1891లో దానిని సరస్సులో అందరికిని కనబడు చోటికి మార్చిరి. అవసరమునకు పుట్టినదానిని ఊరి సొమ్ము చేయుటకు ఐదేండ్లు పట్టినది.

ఇప్పుడు మన పేటకు వచ్చెదము. వచ్చుట సులభమే. సెంట్రలు స్టేషను 1873నుండి ఉన్నది. మణ్ణడిలో మెట్రో 2019నుండి ఆగుచున్నది. ఆడవారికి సాధారణపు బస్సులలో 2021నుండి టిక్కెట్టు లేదు. ఈ చివరి ఏర్పాటు జెనీవావారి ఏర్పాటుకంటె ఒక విధముగా మిన్నయే, ఏలయన అది హోటలు బసతో సంబంధము లేనిది. సెంట్రలు ప్రక్కనున్న వాల్‌టాక్సు రోడ్డు పేరులోనే ఒక కథ ఉన్నది. ఫ్రెంచివారి ముట్టడి పిమ్మట నల్లపట్టణమునకు, అనగా నేటి జార్జిటౌనునకు, గోడ కట్టించిన కుంఫిణీవారు ఆ ఖర్చును పట్టణస్థులవద్ద పన్నుగా రాబట్టదలచిరి. పన్ను వసూలు కాలేదు, పేరు మాత్రము నిలిచెను. ప్రజలు గెలిచిన ఇట్టి యుద్ధములు చరిత్రలో అరుదు; దానికి ఒక రోడ్డు మిగులుట న్యాయమే.

అచ్చటినుండి ఏనుగుగేటు దారిని తూర్పునకు నడిచినచో పెద్దనాయకన్‌పేటలో పడుదుము. నల్లపట్టణమునకు వంశపారంపర్యముగా కావలి కాచిన తెలుగు నాయకుల పదవిపేరే ఆ పేటకు వచ్చినది; సౌకారుపేట అందులోనిదే. గుజరాతీలును మార్వాడీలును వచ్చి ఇచ్చటి వ్యాపారమునకు ఇప్పటి రూపమిచ్చుటకు ముందు ఇచ్చటి వాడుకభాషలలో తెలుగు ముఖ్యమైనది. ఇప్పటికిని గోవిందప్పనాయకుని వీధిలోని పాత అంగళ్ళలో లెక్క తెలుగులో వినబడును. అణ్ణాపిళ్ళవీధిలో 1901 మార్చి 16న పొట్టి శ్రీరాములు జన్మించెను. ఆంధ్రరాష్ట్రముకొరకు ఆయన ప్రాణములు విడిచిన మైలాపూరు వైపునకు మనవారు పుష్పమాలలతో పోవుదురుగాని, ఆయన పుట్టిన వీధిలో స్టీలుగిన్నెలు కొనుచు నడచువారిలో ఎందరికి ఆ సంగతి గుర్తుండునో! కొత్వాలుచావడిలో కన్యకాపరమేశ్వరీ దేవస్థానమున్నది. కోయంబేడునకు 1996లో తరలిపోవువరకు పట్టణమునకెల్ల కూరగాయలు పంచిన సంత ఆ దేవస్థానపు నేలమీదనే సాగినది. దేవరాజమొదలి వీధి చేరువను చెన్నకేశవ, చెన్నమల్లీశ్వరుల జంట ఆలయములున్నవి. వాని పూర్వరూపములు ఇప్పుడు హైకోర్టున్న చోట ఉండెడివి. పదునెనిమిదవ శతాబ్దిలో కుంఫిణీవారు కోటరక్షణ పేరిట వానిని కూల్చి ఇచ్చట చోటిచ్చిరి. ఇంకొంచెము దూరమున బందరువీధి. పందొమ్మిదవ శతాబ్ది పూర్వార్ధమున చెన్నపట్టణమునకు విచ్చేసిన త్యాగరాజస్వామి ఆ వీధిలోనే కోవూరు సుందరేశమొదలియారు ఇంట అతిథిగా ఉండెను. రామలింగస్వామి బాల్యమునుండి కొలిచిన కందకోట్టమును, జైనమందిరములును, మింటు వీధి దక్షిణపు కొననున్న ఏకాంబరేశ్వరాలయమును చూచుటకు పైకము అక్కరలేదు. చెప్పులు విడిచిన చాలును.

తిండి సంగతి చెప్పనవసరమే లేదు. 2013లో నగరపాలకసంస్థ నెలకొల్పిన అమ్మ ఉణవగములలో ఇడ్లీ రూపాయి, పెరుగన్నము మూడు రూపాయలు, సాంబారన్నము అయిదు రూపాయలని ధర పెట్టిరి. అంతకంటె కొంచెము విలాసము కోరువాడు కాకడా రామ్‌ప్రసాద్‌ అంగడి ముందు నిలుచుండి వేడి జిలేబీ తిని, బాదంపాలు త్రాగి, సాయంకాలము ఎన్.ఎస్.సి. బోసు రోడ్డులో సీనాభాయి పెనముమీద నేతిలో వేగు పొడి ఊతప్పము తినవచ్చును; మురుకుల నడుమ కూరగాయముక్కలు పెట్టి చేయు శాండ్విచ్చి ఈ పేట లోకమునకిచ్చిన కానుక. ఇంతయు కలిపినను జెనీవాలో ఒక్క కాఫీకి పెట్టు డబ్బు కాదు. కనుక చౌకతనమును ధరలపట్టికతో కొలుచువానికి ఇక చెప్పవలసినది లేదు, సౌకారుపేట గెలిచినది.

అయితే ఉదయము తొమ్మిదింటికి నడక మొదలిడినవానికి పదునొకండు గంటలకు కాళ్ళు నొచ్చును. అప్పుడు కూర్చుండవలెను. ఎక్కడ? మింటు వీధి ఈ కొననుండి ఆ కొనవరకు పరిశీలించినను, కొనుట అమ్ముటలతో సంబంధము లేక ఒక వృద్ధుడు పది నిమిషములు కూర్చుండదగిన బల్ల నాకు కనబడలేదు. కాలిబాట ఉండవలసిన చోట కొంత అంగడి, కొంత మోటారుసైకిలు, మిగిలిన కొంత మురుగుకాలువ మూత. నడుమ మీన్‌బాడి అను సరుకుబండ్లు ఉక్కుచువ్వలను, బట్టలమూటలను మోసికొని, బ్రేకు అను పరికరము తమకు వర్తింపనట్లు వచ్చుచుండును. దేవాలయపు మండపములో చల్లని రాతినేల ఉన్నది గాని, ఎండ ముదిరిన పన్నెండింటికి తలుపులు మూసి నాలుగింటికి గాని తెరువరు. నీడ అక్కరపడు వేళ దేవుడు విశ్రమించును. ఇక కూర్చుండుటకు ఈ పేటలో మిగిలిన ఉపాయము ఒక్కటే, చీర కొనుట. గొడౌన్ వీధిలో తెల్లపరుపుమీదికి ఆదరముతో పిలుతురు, మంచినీళ్ళిత్తురు, చల్లని పానీయమిత్తురు, గుట్టలుగా చీరలు విప్పి పరతురు. లేచిపోవునపుడు ఒట్టి చేతులతో లేచుటకు మాత్రము కొంత మనోబలము కావలెను.

ఆడవారి కష్టము ఇంతకంటె గొప్పది. పెండ్లిసామానులకు సౌకారుపేటకు బయలుదేరునాడు మన ఇండ్లలోని స్త్రీలు ఉదయమునుండియే మంచినీళ్ళు త్రాగుట తగ్గించుకొందురు. ఈ సంగతి వారు ఎవరితోను చెప్పరు. వారి తల్లులును అట్లే చేసిరి. పేటలో మరుగుదొడ్డి చోటు తెలిసికొనుట ఒక విద్య. తెలిసిన పిమ్మట లోనికి పోవుట మరియొక సాహసము. ఉచితమైన బస్సులో వచ్చి, రూపాయి ఇడ్లీ తిని, దాహమణచుకొని తిరుగు స్త్రీకి ఈ పేట చౌక అని చెప్పుటకు నాకు నోరు రాదు. ఆమె చెల్లించునది రూపాయలలో కాదు గనుక ఏ పట్టికలోను అది ఎక్కదు.

నగరపు ఔదార్యము వేరు, అంగడి చౌకతనము వేరు. ధర తక్కువయగుటకు కారణము అమ్మువాని శ్రమ, పోటీ, చిన్న లాభముతో తృప్తి. అది అతడు చేయు పుణ్యము, నగరమునకు అందులో భాగము లేదు. నీరు, నీడ, కూర్చుండుటకు చోటు, మరుగుదొడ్డి, నడచుటకు బాట, ఎక్కడ ఉన్నామో తెలుపు ఫలకము, ఈ ఆరింటిని కొనుగోలుతో ముడిపెట్టక ఇచ్చినపుడే నగరము తన చేతితో ఇచ్చినట్లు. జెనీవా ధరలలో దయ లేనిది, వీధులలో ఉదారమైనది. మన పేట అంగళ్ళలో ఉదారము, వీధులలో పిసినారి.

నీటి సంగతియే చూడుడు. జెనీవావారు బల్ల వేసిన అయిదేండ్లకు, 1772లో, కాప్టెను బేకరు అను నతడు మన పేట ఉత్తరపు కొనను బావులు త్రవ్వించి నీటిసరఫరా ఏర్పాటు చేసెను. ఏడుబావుల పేరు నేటికిని ఆ ప్రాంతమునకు ఉన్నది. ఆ కాలమునకు అది ఘనమైన యంత్రనిర్మాణమే. కాని ఆ నీరు పోయినది కోటకు. మంచినీరు ఊరినుండి తోడి కోటకు పంపుట అను ఆ పద్ధతి అప్పుడు మొదలై, రూపము మార్చుకొనుచు ఇప్పటివరకు వచ్చినదా అని నాకు అప్పుడప్పుడు సందేహము కలుగును. ఏలయన, పేటలో వసూలగు పన్నుతో పోల్చినచో పేట వీధికి తిరిగివచ్చునది చెంబెడు.

ఇట్లనుటచేత మనవారికి దానబుద్ధి లేదని చెప్పినట్లు కాదు. సత్రములు కట్టించినవారును, వేసవిలో చలివేంద్రములు పెట్టించువారును, యాత్రికులకు ధర్మశాలలు నడపు జైనులును ఈ పేటలో తక్కువ కారు. ఇందుకు దృష్టాంతము కావలెనన్నచో తిరుమల బ్రహ్మోత్సవములకు ముందు ఇచ్చట సాగు గొడుగుల ఊరేగింపు చూడవలెను. చెన్నకేశవస్వామి గుడినుండి శ్రీనివాసునకు సమర్పించు గొడుగులు బయలుదేరి, పేట వీధులగుండ పోయి, సాయంకాలము ఏనుగుగేటు దాటును. ఆ దాటుటను చూచుటకు వేలజనము నిలుతురు. ఆనాడు మోటారుబండ్లు వేరుదారి పట్టును. మీన్‌బాడి బండి కంటికి కనబడదు. మార్వాడీ మజ్జిగ పోయును, ఆర్యవైశ్యుడు పులిహోర పొట్లములిచ్చును, తమిళుడు పానకము పంచును. మెట్లమీద, అరుగులమీద, నడివీధిలో జనులు కూర్చుందురు. ముసలివారికి ఎవరో కుర్చీ తెచ్చి వేయుదురు. ఏడాదికి ఒకనాడు సౌకారుపేట జెనీవాకంటె ఉదారమైన నగరమగును. మరునాటి ఉదయమునకు ఎప్పటివలె అగును.

దానగుణము మునిసిపాలిటీ పనిచేయజాలదని దీనివలన తెలియుచున్నది. దాత పండుగనాడు పెట్టును, వేసవిలో పెట్టును, తన పేరు వ్రాసిన పందిరిక్రింద పెట్టును. ఆ పందిరి విప్పినపుడు నీరును పోవును. మరుగుదొడ్డి కట్టించి దానిని ప్రతిదినము కడిగించుటకు దాతలు ముందునకు రారు. అందులో పుణ్యమున్నదని ఏ పురాణమును గట్టిగా చెప్పకపోయెను. ఆ పని పన్ను తీసికొనువారిది. మన నగరపాలకసంస్థ 1688లో పుట్టినది. దేశములో దానికంటె పెద్దవయస్సు గలది లేదు. ఇంత వయస్సు గలవారికి కూర్చుండుటకు చోటు ఎంత అవసరమో ఒకరు చెప్పవలెనా?

దీనికి రెండు ఆక్షేపణలు వచ్చును. చిన్నదియు ధనికమునైన జెనీవాతో కిక్కిరిసిన ఈ పేటను పోల్చుట అన్యాయమని మొదటిది. ట్రెయ్ బల్ల వేసిన 1767లో ఆ ఊరికి ఇప్పటి అంతర్జాతీయ సంస్థలు లేవు, ఇప్పటి సంపద లేదు; బల్లకు కావలసినది కొయ్య, మేకులు, ఒక తీర్మానము. రెండవది మన వర్తకులది: బండ్లను ఆపినచో సరుకు ఎట్లు దిగును, వ్యాపారము ఏమగును? ఇది తోసివేయదగినది కాదు. హోల్‌సేలు వ్యాపారము ఈ పేటకు ఊపిరి, దానిని చెరిపి అందముగా రంగువేసిన వీధిని నేను కోరను. వీధి వర్తకులను తరిమివేసి కాలిబాట సాధించుటయు నాకు సమ్మతము కాదు; వారి బండ్లమీది పెనములే లేనిచో ఇచ్చటికి నడిచి వచ్చుట ఎందులకు? కాని త్యాగరాయనగరములో పాండీబజారును 2019లో నడచువారికి అనువుగా మార్చి, వెడల్పైన బాటలు వేసి, కూర్చుండుటకు ఆసనములు పెట్టినది ఈ నగరపాలకసంస్థయే. అక్కడ అంగళ్ళు మూతపడలేదు. దక్షిణమున ఒక నీతి, జార్జిటౌనున ఒక నీతి ఏల?

పేటలోని టోకు అంగళ్ళలో పెక్కు ఆదివారము మూసియుండును. సరుకుబండ్ల రద్దీ ఆనాడు సహజముగానే తగ్గును. కనుక మొదట ఆదివారములందు, మధ్యాహ్నము నాలుగునుండి రాత్రి పదివరకు, ఏనుగుగేటు వీధి కూడలినుండి ఎన్.ఎస్.సి. బోసు రోడ్డువరకు మింటు వీధిని పాదచారులకు విడువవలెను. మూసిన అంగళ్ళ ముందు, యజమానుల అనుమతితోనే, బల్లలు వేయవచ్చును. స్త్రీలకు రెండు చోట్ల, నీరును దీపమును కావలిమనిషియు గల మరుగుదొడ్లు ముందు కట్టి, తక్కిన అలంకారముల మాట పిమ్మట తలపెట్టవలెను. అణ్ణాపిళ్ళవీధి మొగను, బందరువీధి మొగను, ఏడుబావులవద్దను అక్కడ ఏమి జరిగినదో తమిళమున, తెలుగున, హిందీలో నాలుగేసి పంక్తులు వ్రాసిన ఫలకములు నిలుపవలెను. ఈ పేట మాటలాడు ముఖ్యభాషలు అవియే గనుక. దీనికి కొత్త చట్టము అక్కరలేదు, జెనీవాకు అధ్యయనయాత్రలును అక్కరలేదు. వీధి మూయుట ఎట్లో మన పోలీసువారికి ఏటేట అభ్యాసమున్నది. గొడుగులనాడు కట్టు ఆ త్రాళ్ళును ఇనుపకంచెలును ఏనుగుగేటు ఠాణాలో ఏ మూలనో పడియుండకపోవు.